బావి మెట్టు మీద పేరు

బండగుట్ట,
2 మార్చి 2025.

అత్తకు,

శిల్ప నమస్కారాలు. మనిద్దరం ఫోన్లో అరుచుకుంటుంటే మా ఆఫీసులో అందరూ మనకేదో ఆస్తి తగాదా ఉందనుకుంటున్నారు. నీకు చెవి మిషన్ పెట్టుకోవడం చిన్నతనం, నాకు అరవడం చేతకాదు. అందుకే ఉత్తరం.

మన పాత తోటను నాన్న నగర పంచాయతీకి రాసిచ్చాడు కదా, అక్కడే పార్కు కడుతున్నాం. ఏఈగా నా చేతికొచ్చిన మొదటి పెద్ద పని. తోట పక్కన దిబ్బ మీదే కదా, 1978లో నాపరాయి గనుల కూలీలు నలభై రోజులు సమ్మె చేసింది. ఆ సమ్మె చేసినవాళ్లలో ఊళ్లో మిగిలింది దేవేంద్రప్ప ఒక్కడే. ఆయన్ని కమిటీలో వేశారు. పార్కులో ఏ మూల చూసినా సమ్మె గుర్తుకు రావాలని ఆయన పట్టు. దిబ్బకు ఎర్రజెండా దిబ్బ అని, నడిచే దారికి సమ్మె బాట అని, బెంచీలకు గనిలో చనిపోయినవాళ్ల పేర్లు.

చైర్మన్‌కు సమ్మె అనే మాట గొంతులో అడ్డం పడింది. "శ్రమ బాట అందాం, వినడానికి బాగుంటుంది" అన్నాడు. దేవేంద్రప్ప లేచి నిలబడి, "శ్రమదేముండాది సార్, గాడిద గూడా చేస్తాది. సమ్మె మనిషే చేస్తాడు. అట్ల రాయకుంటే నేను ఆ బాటలో అడుగు పెట్టను" అన్నాడు. చివరికి సమ్మె బాటే ఖాయమైంది.

అసలు సంగతి ఇప్పుడు. మన తోట బావిని శుభ్రం చేయించి, గట్టుకు తాగునీటి కుళాయిలు పెట్టిస్తున్నాను. దాని పేరు కృష్ణవేణమ్మ బావి! నేను అడగలేదు అత్తా, దేవేంద్రప్పే అన్నాడు. గనుల యజమాని అయిన జేజినాయన బావికి తాళం వేయిస్తే, సొంత కూతురే తండ్రికి తెలియకుండా సమ్మెవాళ్లకు నీళ్లు పెట్టిందని, అది బయటపడే నిన్ను కడప హాస్టల్‌కు తరిమేశారని చెప్తూ ఆయన కళ్లు తుడుచుకున్నాడు.

ఆ సమ్మె మన జేజినాయన మీదే జరిగిందని తలుచుకుంటే చిన్నప్పటి నుంచీ నాకు సిగ్గు. బడిలో గని కూలీల పిల్లల పక్కన కూర్చోవాలంటే ముడుచుకుపోయేదాన్ని. ఆ ఇంట్లో నువ్వొక్కదానివైనా ఉన్నావన్నదే నాకు ధైర్యం. కాదనొద్దు.

నీ మేనకోడలు,
శిల్ప

* * *

కడప,
9 మార్చి 2025.

చిరంజీవి శిల్పకు,

అత్త ఆశీస్సులు. నీ దస్తూరి చూస్తే ఇంజినీర్లకు చేతిరాత నేర్పకుండా పట్టా ఇచ్చేస్తున్నారని అర్థమైంది. ముప్పై ఏళ్లు పిల్లల నోట్సులు దిద్దిన దాన్ని కాబట్టి చదవగలిగాను.

మార్చి సగం కూడా కాలేదు, ఇక్కడ అప్పుడే పెనం మీద ఉన్నట్టుంది. కారం దోసె మానేయమని డాక్టరు చెప్పాడు. కడపలో ఉంటూ కారం దోసె మానడం కన్నా ఊరు మారడం సులువు. మోకాళ్లు మాత్రం నా మాట వినడం లేదు.

బావి సంగతి. నా పేరు పెట్టొద్దు. బతికున్నవాళ్ల పేర్లు రాళ్ల మీద ఎక్కించడం నాకు నచ్చదు. పేరు కావాలనుకుంటే గిడ్డమ్మ పేరు పెట్టు. మన ఇంట్లో పని చేసేది, నాకంటే రెండేళ్లు పెద్ద. ఆ ఎండాకాలం నీళ్లన్నీ మోసింది ఆమే. మీ నాన్నకు గుర్తుండదు, అప్పటికి వాడికి పదేళ్లు.

బెంచీలకు వాన పడితే నీళ్లు నిలవకుండా కాస్త వాలు ఇప్పించు. మీరు కట్టే బెంచీల మీద ఎప్పుడూ మడుగులే.

మీ అత్త,
కృష్ణవేణి

* * *

బండగుట్ట,
20 మార్చి 2025.

అత్తకు,

బెంచీలకు వాలు పెట్టించాను. మేస్త్రీ నన్ను వింతగా చూశాడు.

నీ ఉత్తరం కమిటీలో చదివి వినిపించాను. తప్పు చేశానేమో, కానీ ఆగలేకపోయాను. తన పేరు వద్దని, ఇంట్లో పని చేసిన మనిషి పేరు పెట్టమన్న అత్త ఎంతమందికి ఉంటుంది? "సూడండప్పా, అప్పుడెట్లుండెనో ఇప్పుడూ అట్లే ఉండాది ఆయమ్మ" అన్నాడు దేవేంద్రప్ప. నీ పేరే పెట్టాలని ఆ పూటే తీర్మానం అయిపోయింది. ఇంక నువ్వు మొత్తుకున్నా లాభం లేదు.

గిడ్డమ్మ పేరు ఎత్తితే నాన్న మాత్రం చిరాకు పడ్డాడు. "జొన్నలు దొంగతనం చేసి పట్టుబడి పోయిందే, ఆమా? అక్కకు బుద్ధుందా?" అన్నాడు. దొంగతనం చేసిన మనిషిని కూడా నువ్వు మరిచిపోలేదంటే నాకు నువ్వు ఇంకా ముద్దొచ్చావు. నీ మాట పూర్తిగా తీసేయలేక నేనే ఒక దారి చూశాను. కొండ గుడి మెట్ల మీద మీ అమ్మ, మా జేజి పేరు చెక్కించలేదూ, భక్తుల పాదధూళి తగిలితే పుణ్యమని? అట్లాగే బావి గట్టు ఎక్కే మెట్టు మీద గిడ్డమ్మ పేరు చెక్కించాను. నీళ్లకొచ్చే ప్రతి మనిషి పాదం తగులుతుంది. గట్టు మీద నీ పేరు, మెట్టు మీద ఆమె పేరు. మంచి నల్ల కడప బండ, అద్దంలా ఉంది.

బావికి ఇనుప వల వేశాం కాబట్టి చేద వేయడం కుదరదు. కానీ చూడటానికి పాత బావిలా ఉండాలని గిలక బిగించి, కొత్త మోకు కొని, ఇత్తడి బిందె వేలాడదీశాను. ఫోటో పంపుతున్నాను. మేడే రోజున ప్రారంభం. నువ్వు రావాలి.

శిల్ప

* * *

కడప,
31 మార్చి 2025.

శిల్పకు,

నిన్న ఉగాది, ఈరోజు రంజాన్. పక్కింటి ఖాదర్‌బీ నిన్న ఎప్పటిలాగే దేవుని కడప వెళ్లి స్వామికి కొబ్బరికాయ, బెల్లం ఇచ్చి వచ్చింది. స్వామి తమ బిడ్డను చేసుకున్నాడని, అల్లుడి ఇంటికి పోయినట్టు పోతుంది. ఈరోజు గిన్నెడు సేమ్యా తెచ్చిపెట్టింది. తినలేకపోయాను.

ఆ మెట్టు తీసేయి. ఆ మోకు కూడా తీసేయి.

ఎందుకని అడగొద్దు. పెద్దదాన్ని చెప్తున్నాను, విను. నా పేరు ఉంచుకుంటే ఉంచుకోండి, మీతో వాదించే ఓపిక లేదు. కానీ ఆ తాడు అక్కడ వేలాడకూడదు.

మేడేకు నేను రాను. మోకాళ్లు.

కృష్ణవేణి

* * *

బండగుట్ట,
3 మే 2025.

అత్తకు,

అలిగావని తెలుసు. నెల రోజులు ఉత్తరం రాయనందుకు నన్ను తిట్టు. పని అట్లా ఉంది. మోకు పట్టుకుని పిల్లలు ఊగుతారని నీ భయం అయ్యుంటుంది. గట్టిగా కట్టించి, చుట్టూ గొలుసు వేయించాను. మెట్టు మాత్రం అప్పటికే సిమెంటులో కూర్చుంది.

ప్రారంభం బాగా జరిగింది. డోన్ నుంచి, ఓర్వకల్లు వైపు నుంచి పాత గని కూలీల పిల్లలు, మనవళ్లు వచ్చారు. తాతల పేర్లున్న బెంచీల మీద కూర్చుని సెల్ఫీలు తీసుకున్నారు. దేవేంద్రప్ప సమ్మె బాట మీద చెప్పులు విడిచి నడిచాడు. ఎండకు బండలు కాలిపోతున్నా విననే లేదు. నాన్న మైకు పట్టుకుని నీ కథ మళ్లీ చెప్పాడు. చెప్పినప్పుడల్లా ఆయన కథలో నువ్వు మోసిన కడవలు పెరుగుతుంటాయి. మొన్న పదహారయ్యాయి.

నీకు ఒక ముచ్చట చెప్పాలి. జనం పలచబడ్డాక ఒక ముసలామె వచ్చింది. కుడి చేయి మణికట్టు దగ్గర వంకర తిరిగి ఉంది. ఎడమ చేత్తో గ్లాసు పట్టుకుని నీళ్లు తాగి, "ఏం రాసినారమ్మా ఈడ?" అని అడిగింది. "కృష్ణవేణమ్మ బావి" అని చదివి చెప్పాను. ఆమె నవ్వింది. కాసేపు నవ్వుతూనే ఉంది. "ఆయమ్మ బాగుండాదా?" అని అడిగింది. మా అత్తేనని, కడపలో బాగుందని, టీచరుగా రిటైరైందని చెప్పాను. "సదువుకునిందా. మంచిది" అని మెట్టు దిగి వెళ్లిపోయింది. పేరు అడగలేదు నేను. నీ మీద ఊళ్లో ఎంత ప్రేమ ఉందో చూడు.

శిల్ప

* * *

కడప,
8 మే 2025.

శిల్పకు,

ఇది కూర్చుని చదువు. మీ నాన్నకు చూపించాలో వద్దో తర్వాత నువ్వే తేల్చుకో.

ఆ ముసలామె గిడ్డమ్మ.

నీళ్లు పెట్టింది ఆమె. నేను కాదు. నేను ఒక్క చెంబు కూడా పెట్టలేదు. సమ్మె మొదలైన తొమ్మిదో రోజు మా నాయన బావి మోకు, చేద లోపల పెట్టించి వంటింటి పక్క కొట్టుగదికి తాళం వేయించాడు. తాళంచెవి నా దగ్గర ఉండేది. అమ్మకు అప్పుడు ఒంట్లో బాగుండక ఇల్లు నేనే చూసేదాన్ని. గిడ్డమ్మ వచ్చి అడిగింది. "దిబ్బ మీద పసిపిల్లోళ్లు ఉండారక్కా, రోంత సేపు ఇయ్యి" అంది. ఇచ్చాను. నేను చేసిన మంచి అంతే, నువ్వు లెక్కపెట్టుకోవాలంటే. పొద్దు పొడవక ముందే ఆమె నాలుగు కడవలు తోడి కంచె పక్కన పెట్టేది. వాళ్లు వచ్చి తీసుకుపోయేవాళ్లు. ఎవరు పెడుతున్నారో వాళ్లకూ తెలియదు. ఇట్లా పందొమ్మిది రోజులు.

ఇరవయ్యో రోజు మా నాయన కొట్టు తెరిచి మోకు పట్టుకుని చూశాడు. తడిగా ఉంది. నన్ను పిలిచాడు. అరవలేదు, కొట్టలేదు. "నువ్వా?" అని మాత్రం అడిగాడు.

"గిడ్డమ్మ" అన్నాను.

ఆలోచించి అన్నది కాదు అని నాకు నేను చాలా ఏళ్లు చెప్పుకున్నాను. అబద్ధం. ఆలోచించే అన్నాను. తాళంచెవి నేనే ఇచ్చానని చెప్పలేదు. గూట్లో నుంచి తీసుకుని ఉంటుంది అన్నాను. ఆ తడి మోకుతోనే ఆమెను పెరట్లో కొట్టించాడు. అడ్డం పెట్టుకున్న చేయి విరిగింది. నేను వంటింట్లో జొన్నరొట్టె కాలుస్తున్నాను. ఒక్కటి కూడా మాడలేదు. అది ఇప్పటికీ గుర్తుంది నాకు.

సమ్మెవాళ్లకు నీళ్లు మన ఇంటి నుంచే పోయాయని బయటికి తెలిస్తే పరువు తక్కువ. అందుకని జొన్నలు దొంగిలించిందని ఊళ్లో చెప్పించాడు. నీళ్లు ఆగిపోయాయి. పన్నెండు రోజులకు సమ్మె విరిగింది.

నన్ను కడపకు తరిమేశారని దేవేంద్రప్ప అన్నాడు కదా. శిల్పా, అది శిక్ష కాదు, బహుమానం. "నా బిడ్డ నాకు అబద్ధం చెప్పదు, దీన్ని చదివిస్తా" అన్నాడు మా నాయన. నేను చదివిన చదువు, చేసిన ఉద్యోగం, ఇప్పుడు తింటున్న పింఛను అన్నీ ఆ ఒక్క మాటకు దొరికినవి. పిల్లలకు నిజమే చెప్పాలని ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను.

తొంభై ఐదు పంచాయతీ ఎన్నికల్లో మీ నాన్నకు గని కూలీల ఓట్లు కావలసి వచ్చాయి. ఆ ఇంటి నుంచి నీళ్లు వచ్చాయని వాళ్లకు తెలుసు, ఎవరని తెలియదు. వాడు నా పేరు చెప్పాడు. తమ్ముడు నిజంగానే నేననుకున్నాడో, కావాలనే అన్నాడో నేను అడగలేదు. స్టేజీ మీద కూర్చోబెట్టి శాలువా కప్పారు. కప్పించుకున్నాను. ఆ శాలువా చలికాలం వాడుకున్నాను కూడా.

గిడ్డమ్మ పేరు పెట్టమని నీకు రాసినప్పుడు ఇదంతా రాయాల్సింది. చేత కాలేదు. నువ్వే అర్థం చేసుకుంటావని, నేను నోరు తెరవకుండానే పని జరిగిపోతుందని అనుకున్నాను. జరిగింది చూడు. పైన నా పేరు, కాళ్ల కింద ఆమె పేరు, పక్కన ఆ మోకు. ఆమె నీళ్లు తాగి, తన పేరు తానే తొక్కుకుంటూ దిగిపోయింది. చదువు రాదు కాబట్టి తెలియలేదు. నేను బాగున్నానా అని అడిగింది.

నీ ముఖం ఎట్లా చూడాలో నాకు తెలియడం లేదు.

కృష్ణవేణి

* * *

బండగుట్ట,
19 మే 2025.

అత్తకు,

నీ ఉత్తరం వచ్చి వారమైంది. మూడు రోజులు నీ మీద కోపంతో ఉన్నాను. నాలుగో రోజు, ఆమె పేరు కాళ్ల కింద వేయించింది నేనే కదా అని గుర్తొచ్చింది. మెట్టు మీద పేరు గౌరవమనుకున్నాను. మన జేజి పేరు ఎవరు తొక్కినా జేజికి వచ్చే లోటు లేదు. అది నాకు తట్టనే లేదు.

దేవేంద్రప్పకు చదివి వినిపించాను. కోప్పడతాడనుకున్నాను. ఆయన బెంచీ మీద కూర్చుండిపోయాడు. తర్వాత తనే చెప్పాడు. ఆ రోజు గిడ్డమ్మ చేయి వేలాడేసుకుని నేరుగా దిబ్బ దగ్గరికే వచ్చిందట. "దొంగదాన్ని రానిస్తే సమ్మెకు చెడ్డపేరని నేనే ఎల్లగొడితినమ్మా. దాని నీళ్లు తాగిన నోటితోనే దొంగముండా అంటిని" అన్నాడు. నీళ్లు పెట్టింది తనేనని ఆమె అప్పుడు కూడా చెప్పలేదట. నాకు ఈ మాట చెప్పిన మర్నాటి నుంచి సమ్మె బాట మీద నడవడానికి ఆయన రావడం లేదు.

నాగజ్యోతి అని గిడ్డమ్మ కూతురు, డోన్ స్టేషన్ ముందర టిఫిన్ బండి పెట్టుకుందని తెలిసింది. వెతుక్కుంటూ పోయాను. గిడ్డమ్మ పల్లీలు ఒలుస్తోంది, ఎడమ చేత్తో. అంతా చెప్పాను. మెట్టు సంగతి కూడా. "తొక్కితినా నేను గూడా?" అని అడిగింది. అవునన్నాను.

పేరు మార్పిస్తానని అంటే వద్దంది. "పేరు ఏదన్నా ఉండనీమ్మా, నీళ్లకు పేరేంది. ఆ మోకు తీసేయండి. దాన్ని సూస్తే ఆ పొద్దు చెయ్యి లాగింది నాకు" అంది. బయటికి వస్తుంటే మళ్లీ పిలిచింది. "జొన్నలు నేను తీయలేదు. ఆయమ్మకు తెలుసు. నా బిడ్డ పెండ్లికి గూడా ఆ మాట ఎత్తినారు. ఆయమ్మను వచ్చి నలుగురిలో ఆ ఒక్క మాట చెప్పమను, చాలు" అంది. నాగజ్యోతి నా వైపు చూడలేదు. నేను తాగిన టీ గ్లాసు అప్పటికప్పుడే కడిగేసింది.

మోకు నా చేత్తోనే విప్పాను. మెట్టు పెకలించి తీయించాను. గట్టు మీద నీ పేరు తీయాలంటే తీర్మానం కావాలంటున్నాడు చైర్మన్. నాన్న నాతో మాట్లాడటం లేదు. "అక్కకు మతి చెడింది" అని అందరికీ చెప్తున్నాడు. నువ్వు రాకపోతే అదే నిజమని నమ్ముతారు.

శిల్ప

* * *

కడప,
23 మే 2025.

శిల్పకు,

మతి ఇన్నాళ్లకు కుదిరిందని మీ నాన్నకు చెప్పు.

నా పేరున్న రాయిని మెట్టుగా వేయించమని, అందరూ తొక్కాలని రెండు పేజీలు రాసి చించేశాను. అది కూడా నా గొప్పే. పదిమంది చూసి, అబ్బ ఎంత మనసు అంటారు. నా పేరు ఎక్కడా వద్దు. పాలిష్ పట్టేవాడిని పిలిచి అరగదీయించు. తీర్మానం లేదంటే, ఆ కృష్ణవేణమ్మను నేనే, నా పేరు తీయమని అడుగుతున్నానని కాగితం రాసిస్తాను. గిడ్డమ్మ పేరు పెట్టాలా వద్దా అన్నది గిడ్డమ్మనే అడగండి. మనం నిర్ణయించింది చాలు.

జూన్ ఒకటి, ఆదివారం పొద్దున డోన్‌లో దిగుతాను. నువ్వు స్టేషన్‌కు రావద్దు. నువ్వు పక్కన ఉంటే నీ భుజం పట్టుకుంటాను. పది గంటలకు పార్కులో మైకు పెట్టించు. దేవేంద్రప్పను, పాత కూలీల ఇళ్లవాళ్లను పిలువు. మీ నాన్న వస్తే ముందు వరసలో కుర్చీ వేయి. గిడ్డమ్మ జొన్నలు దొంగిలించలేదన్న మాట మొదట చెప్తాను. మిగతాది తర్వాత. మొదట నా సంగతి ఎత్తుకుంటే మళ్లీ నా కథే అవుతుంది.

దానికి ముందు స్టేషన్ ఎదురుగా ఆ బండి దగ్గరికి పోతాను. ఏమనాలో నలభై ఏడేళ్లుగా తెలియలేదు, ఆదివారానికి తెలుస్తుందనుకోను. గిడ్డమ్మ మంచినీళ్లు ఇస్తే తాగుతాను. ఇవ్వకపోతే ఆ దప్పికతోనే వచ్చి మైకు పట్టుకుంటాను. నాకోసం బావి దగ్గర గ్లాసు పెట్టొద్దు.

మీ అత్త,
కృష్ణవేణి